ఫావెరోల్, ఊదాన్, మరాన్, బ్రెస్: ఫ్రెంచి నాటుకోళ్లలో మీ పెరటికి ఏది?

పారిస్‌కు పడమరగా ఉన్న ఒక చిన్న ఊరిలో మేము స్థిరపడినప్పటి నుంచి పెరట్లో కోళ్లను పెంచుకుంటున్నాము. ఫ్రాన్సులో తోట ఉన్న ఇల్లు కొనుక్కున్న తెలుగువారు ఈ సంగతి తెలియగానే మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న, "ఏ జాతి ఎక్కువ గుడ్లు పెడుతుంది?" అన్నది. కావలసినవి గుడ్లే అయితే దానికి సమాధానం తేలిక. ఫ్రాన్సులోనే రూపొందిన ఈసా బ్రౌన్ వంటి సంకర పెట్టలు మొదటి ఏడాదిలో సుమారు 300 గుడ్లు పెడతాయి. ఇక్కడి పాత జాతుల్లో ఏదీ ఆ దరిదాపులకు రాదు. కానీ గుడ్డుతో పాటు మంచి మాంసం కూడా ఇచ్చే జాతి కావాలనీ, పెట్టల కింద గుడ్లు పెట్టి పిల్లలు తీయించి మందను సొంతంగా నిలుపుకోవాలనీ అనుకునేవారు ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న వేరే ఉంది: పుట్టిన పుంజు పిల్లలను ఏం చేస్తారు?

పది గుడ్లు పొదిగిస్తే వచ్చే పిల్లల్లో ఇంచుమించు సగం పుంజులే ఉంటాయి. గుడ్ల కోసం తీర్చిన సంకర జాతిలో ఆ పుంజుకు ఎంత మేత పెట్టినా రొమ్ము ఎముక మీద కండ పట్టదు. మాంసం కోసం తీర్చిన బ్రాయిలర్ జాతిలో పుంజు అయిదారు వారాలకే కోతకు వస్తుంది కానీ, ఆ జాతి పెట్టను గుడ్ల కోసం పెరట్లో ఏళ్ల తరబడి నిలుపుకోవడం కష్టం. ఈ రెండు కొసల మధ్య, పెట్ట గుడ్లకు, పుంజు కూరకు పనికివచ్చేలా పల్లె రైతులు తరతరాలుగా దిద్దుకున్నవే ఫ్రాన్సులోని ద్విప్రయోజన జాతులు. అందువల్ల వాటిని గుడ్ల లెక్క ఒక్కదానితో పోల్చితే పొరపాటు పడతాము. నాలుగయిదు నెలలు మేపిన పుంజు మన వంటింట్లో ఏ రూపంలో పళ్లెంలోకి వస్తుందో ఆలోచించి ఎంచుకుంటేనే ఆ ఎంపిక నిలుస్తుంది.

ఫావెరోల్

మా ఇంట ఉన్నది ఈ జాతే కనుక దీని గురించి కొంత ఎక్కువగా చెబుతాను. ఎర్-ఏ-లువార్ జిల్లాలో ఫావెరోల్ అనే చిన్న గ్రామం ఉంది. కోడికి ఆ ఊరి పేరే వచ్చింది. 19వ శతాబ్దపు రెండవ సగంలో ఊదాన్ పట్టణం చుట్టుపక్కల పల్లెలు పారిస్ అంగళ్లకు కోళ్లను సరఫరా చేసేవి. అప్పటికి అక్కడ ఉన్న ఊదాన్ కోడి రుచిలో మేటి అయినా బరువు తక్కువ. రైతులు దానికి బరువు తెచ్చుకోవడానికి బ్రహ్మ, డార్కింగ్ వంటి పెద్ద కోళ్లతో కలిపారు. (బ్రహ్మ అనే పేరు మన బ్రహ్మపుత్రా నది పేరు నుంచి వచ్చింది.) ఆ రైతుల దృష్టి అందం మీద లేదు. శీతాకాలంలో కూడా పెరిగే పిల్ల, చలిలో కూడా ఆగని గుడ్డు, పారిస్ వంటవాడు మెచ్చే తెల్లని మాంసం వారికి కావాలి. ఆ అవసరాల్లోంచే ఈ జాతి రూపుదిద్దుకుంది.

దీనిని చూసినవారు మరిచిపోరు. చెంపల కింద గుబురుగా గడ్డం ఉంటుంది, కాళ్ల మీద పలచగా ఈకలు ఉంటాయి, కాలికి నాలుగు బదులు అయిదు వేళ్లు ఉంటాయి. అన్నిటికంటే ప్రసిద్ధమైన సామన్ రంగులో పెట్ట వీపు లేత ఇటుక రంగులోను, రొమ్ము మీగడ రంగులోను ఉంటాయి. పుంజు మాత్రం నల్లని రొమ్ము, నల్లని గడ్డం, గడ్డి రంగు మెడ ఈకలతో వేరే జాతా అన్నట్టు కనిపిస్తుంది. సేతువ, కాకి, డేగ అంటూ ఈక రంగుతోనే కోడిని పిలిచే మనవారికి ఈ తేడా వెంటనే కంటబడుతుంది, దానివల్ల ఒక మేలు కూడా ఉంది. పిల్లలకు మూడు వారాలు నిండేసరికి పుంజు పిల్లల రెక్కల్లో నల్ల ఈకలు తొంగిచూస్తాయి, పెట్ట పిల్లల రెక్కలు గోధుమ రంగులోనే ఉంటాయి. ఏది పుంజో ఏది పెట్టో రెండు మూడు నెలలు ఎదురుచూడకుండా అప్పుడే వేరుచేసి, మేతను, చోటును ఆ లెక్కన సర్దుకోవచ్చు.

పుంజు మూడున్నర నుంచి నాలుగు కిలోలు, పెట్ట మూడు కిలోల అటూఇటూ తూగుతాయి. గుడ్డు లేత గోధుమ ఛాయతో మధ్యస్థ పరిమాణంలో ఉంటుంది. మంచి వంశంలోని పెట్ట ఏడాదికి 150 నుంచి 180 వరకు పెడుతుంది. ఈ అంకె చిన్నదిగా కనిపించవచ్చు కానీ, ఆ గుడ్లు ఎప్పుడు వస్తాయన్నది చూడాలి. డిసెంబరులో పగటివెలుగు ఎనిమిది గంటలకు పడిపోయినప్పుడు మా పొరుగింటి కోళ్లు గుడ్లు మానేస్తాయి. మా ఫావెరోల్ పెట్టలు తగ్గించుకుంటాయి కానీ పూర్తిగా మానవు. గడ్డం వెనుక లోలాకులు చిన్నవిగా దాగి ఉండటం వల్ల, తురాయి కూడా మధ్యస్థంగానే ఉండటం వల్ల గడ్డకట్టే చలికి అవి అంతగా దెబ్బతినవు.

స్వభావం చెప్పాలంటే, గోదావరి జిల్లాల్లో పందేలకు పెంచే అసిల్ పుంజు స్వభావానికి ఇది నేరుగా ఎదురు. పిల్లలు ఎత్తుకుంటే చంకలో ఒదిగి కూర్చుంటుంది, కంచె దూకదు, తోటలో మొక్కలను పెద్దగా పెళ్లగించదు. అయితే ఆ సాత్వికమే దానికి చేటు. మొదటి ఏడాది మేము తెలియక రెండు ఫావెరోల్ పెట్టలను నాలుగు సంకర పెట్టలతో కలిపి ఒకే గూటిలో వదిలాము. నెల తిరిగేసరికి వాటి గడ్డాలు సగం పీకివేయబడి, చెంపల మీద గులాబి రంగు చర్మం బయటపడింది. మేత తొట్టి దగ్గర మిగిలినవన్నీ తిని తప్పుకునే వరకు అవి గోడ పక్కన నిలబడి ఉండేవి. ఆ దృశ్యం చూసిన రోజే వాటికి వేరే గూడు కట్టాము. దూకుడు జాతులతో కలిపి పెంచే ఆలోచన ఉన్నవారికి ఫావెరోల్‌ను నేను సలహా ఇవ్వను.

ఇంకొక ఇబ్బంది తడి. వెడల్పు పళ్లెంలో నీళ్లు పెడితే గడ్డం నానిపోయి జనవరి రాత్రుల్లో మంచుగడ్డలా బిగుసుకుంటుంది. సన్నని అంచు ఉన్న నీటి తొట్టి వాడాలి. బురద నేల ఉన్న తోటలో కాళ్ల ఈకలకు మట్టి ఉండలు కట్టుకుంటాయి. కాళ్ల పొలుసుల కింద సూక్ష్మ పురుగులు చేరే అవకాశం కూడా ఈకల కాళ్ల జాతుల్లో ఎక్కువ కనుక నెలకు ఒకసారి కాళ్లు పట్టి చూడటం తప్పనిసరి.

ఊదాన్

ఫావెరోల్‌కు తల్లివేరు ఇదే. నలుపు మీద తెల్లని చుక్కలు, తల మీద పెద్ద ఈకల కుచ్చు, ఆకులా విచ్చుకున్న తురాయి, ఇక్కడ కూడా అయిదు వేళ్లు. ఎముక సన్నం, మాంసం మెత్తన, గుడ్డు తెలుపు. బరువు మాత్రం పుంజుకు మూడు కిలోలు మించదు. పెట్ట పొదగడానికి కూర్చోవడం అరుదు. అందుకే ఆ ప్రాంతంలో ఒకప్పుడు టర్కీ కోళ్లతో గుడ్లు పొదిగించేవారు, తరువాత పక్కనే ఉన్న గాంబే గ్రామంలో పొదిగే యంత్రాలను కూడా తయారుచేశారు. చూడటానికి ఎంత ముచ్చటైనదైనా, వానలో నానే కుచ్చు దాని కళ్లను కప్పేస్తుంది. పైనుంచి వచ్చే గద్దను అది చూడలేదు, కుచ్చులో పేలు చేరితే త్వరగా మనకు తెలియదు. పైకప్పు ఉన్న పొడి ఆవరణ, రోజూ చూసుకునే తీరిక ఉన్నవారే దీనిని తీసుకోవాలి.

మరాన్

లా రొషెల్ రేవుకు దగ్గరలో, అట్లాంటిక్ తీరపు చిత్తడి నేలల్లో ఉన్న మరాన్ పట్టణం ఈ జాతికి పుట్టినిల్లు. ఓడల మీద వచ్చిన పోరు కోళ్లు స్థానిక పెట్టలతో కలిశాయనీ, 19వ శతాబ్దపు చివరిలో చైనా నుంచి వచ్చిన లాంగ్‌షాన్ రక్తం చేరిందనీ పెంపకందారులు చెబుతారు. దీనికి 1930ల తొలినాళ్లలో, జాతి లక్షణాలను నిర్ణయించే అధికారిక ప్రమాణం ఏర్పడింది. బరువులో ఫావెరోల్‌కు సమానం, గుడ్ల సంఖ్యలోనూ ఇంచుమించు అంతే, గుడ్డు పరిమాణంలో మాత్రం పెద్దది. లోకం దీనిని కోరుకునేది ముదురు చాక్లెట్ రంగు గుడ్డు కోసం.

ఆ రంగు గురించి కొనేవారికి కొన్ని నిజాలు తెలియాలి. గుడ్డు పెట్ట కడుపులోంచి బయటికి వచ్చే ముందు చివరి గంటల్లో, పెంకు పూర్తవుతున్న దశలో, ప్రోటోపోర్ఫిరిన్ అనే వర్ణకం పైపూతలా పడుతుంది. ఒకసారి తెలిసినవారింట్లో అప్పుడే పెట్టిన మరాన్ గుడ్డును, ఇంకా తడి ఆరకముందే చేతిలోకి తీసుకుని బొటనవేలితో రుద్దాను. వేలికి ఇటుక రంగు అంటింది, గుడ్డు మీద వేలిముద్ర మేర లేత మచ్చ మిగిలింది. రంగు పైపూత మాత్రమే కనుక రుచిలోను, పోషకాల్లోను దానివల్ల ఏ మార్పూ రాదు. పెట్ట వరుసగా గుడ్లు పెడుతున్న కొద్దీ ఆ రంగు పలచబడుతూ, ఈకలు రాల్చి విశ్రాంతి తీసుకున్న తరువాత మళ్లీ ముదురుతుంది. వసంతంలో మొదటి గుడ్ల ఫోటో చూసి పెట్టను కొన్నవారు వేసవి చివర లేత గుడ్లను చూసి మోసపోయామనుకోవడం నేను చాలాసార్లు విన్నాను. ఫ్రాన్సులోని మరాన్ పెంపకందారులు 1 (అన్నిటికంటే లేత) నుంచి 9 (అన్నిటికంటే ముదురు) వరకు ఉన్న రంగుల పట్టికతో గుడ్లను కొలుస్తారు. 4 కంటే తక్కువ ఉన్నదాన్ని మరాన్ గుడ్డుగా ఒప్పుకోరు. కొనేటప్పుడు పెట్ట పెట్టిన గుడ్డునే కాక, పుంజు ఏ రంగు గుడ్డులోంచి పుట్టిందో కూడా అడగాలి, ఎందుకంటే రంగు వంశలక్షణం తండ్రి నుంచి కూడా వస్తుంది. పొదిగించేవారికి ఇంకొక చిక్కు: ముదురు పెంకు వల్ల దీపం వెలుగులో లోపలి పిండాన్ని చూడటం కష్టం.

మాంసం పక్షాన మరాన్ పుంజును తక్కువ చేయనక్కరలేదు. కండ గట్టిగా ఉంటుంది, ఎముక బరువు. పులుసుకు, దమ్ముకు చక్కగా సరిపోతుంది.

బ్రెస్

లియోన్ నగరానికి ఈశాన్యంగా బూర్-ఆన్-బ్రెస్ పట్టణం చుట్టూ ఉన్న ప్రాంతం నుంచి వచ్చే ఈ కోడి పేరు వినని ఫ్రెంచివారు ఉండరు. తెల్లని ఈక, ఎర్రని తురాయి, నీలి కాళ్లు కలిసి ఫ్రాన్సు జెండా రంగులే కావడం వారికి గర్వకారణం. బ్రెస్ కోడి అనే పేరుకు 1936లో న్యాయస్థానం ద్వారా, 1957లో చట్టం ద్వారా రక్షణ లభించింది. ఆ ప్రాంతంలో పుట్టి పెరిగిన తెల్లని పక్షికి మాత్రమే ఆ పేరు చెల్లుతుంది. ఒక్కొక్క పక్షికి కనీసం పది చదరపు మీటర్ల గడ్డినేల ఉండాలి, కనీసం నాలుగు నెలలు పెరగాలి, చివరి దశలో చెక్క పంజరంలో ఉంచి మొక్కజొన్నతోను, పాలతోను బలిపించాలి.

ఇక్కడే చాలామంది తెలుగువారు పొరబడతారు. మన పెరట్లో అదే రక్తపు కోడిని పెంచితే అది "బ్రెస్-గోలువాజ్" మాత్రమే; పేరు ఒక్కటే కాదు, ఫలితం కూడా వేరు. ఆ మాంసపు ఘనత జాతిలో సగం ఉంటే, నేలలోను, మేతలోను, చివరి వారాల శ్రద్ధలోను మిగిలిన సగం ఉంది. పైగా దాని కొవ్వు చర్మం కిందా, కండ పొరల మధ్యా సన్నగా పరుచుకుంటుంది. చర్మంతో సహా ఓవెన్‌లో నెమ్మదిగా కాల్చినప్పుడే దాని విలువ తెలుస్తుంది. చర్మం ఒలిచి, ముక్కలు కొట్టి, అల్లం వెల్లుల్లి, గసగసాల ముద్దతో ఉడికించే మన పద్ధతిలో దాని గొప్పతనంలో సగం చెత్తబుట్టలోకి పోతుంది. కూరకే కోడి కావలసినవారు దీనికి డబ్బు పోయనక్కరలేదని నా అభిప్రాయం.

గుడ్ల విషయంలో ఇది ఈ నాలుగింటిలో చురుకైనది, గుడ్డు తెలుపు. కానీ శరీరం తేలిక, స్వభావం చంచలం. నడుము ఎత్తు కంచెను అవలీలగా దాటుతుంది. విశాలమైన గడ్డినేల ఉన్నవారికి తిరుగుబోతు కోడి లాభమే, మేత చాలామటుకు అదే వెతుక్కుంటుంది. నాలుగు గోడల మధ్య ఉన్న చిన్న తోటకు ఇది తగదు.

వీటికి తోడు బ్రెతాన్ ప్రాంతపు కుకూ ద రెన్ గురించి ఒక్క మాట చెప్పాలి. కోకిల పొట్ట మీది చారల వంటి చారలు ఉండటం వల్ల ఆ పేరు వచ్చింది. 1914లో ప్రమాణం ఏర్పడిన ఈ జాతి, యుద్ధాల తరువాత సంకర కోళ్ల రాకతో కనుమరుగై, 1980ల చివర రెన్ పట్టణపు గ్రామీణ మ్యూజియం పూనికతో మిగిలిన కొద్ది పక్షుల నుంచి తిరిగి నిలదొక్కుకుంది. చారల లక్షణం లింగ క్రోమోజోమ్ మీద ఉండటం వల్ల రెండు వంతులు అందుకున్న పుంజు లేతగా, ఒక్క వంతు అందుకున్న పెట్ట ముదురుగా కనిపిస్తాయి. కాళ్లకు ఈకలు లేవు, గడ్డం లేదు, కుచ్చు లేదు. బురద నేల ఉన్నవారికి ఫావెరోల్ బదులు నేను చెప్పేది ఇదే.

వంటింటి లెక్క

మా ఇంట అయిదు నెలల ఫావెరోల్ పుంజును నాటుకోడి పులుసు పెడతాము. సన్నని మంట మీద గంటసేపు ఉడికితే ఎముక నుంచి కండ విడుతుంది కానీ చెదిరిపోదు. రాగిసంకటితో తింటే రాయలసీమ నుంచి వచ్చిన మా అత్తగారు కూడా మెచ్చుకున్నారు. ఎనిమిది నెలలు దాటిన పుంజుకు, గుడ్లు మానిన మూడేళ్ల పెట్టకు ప్రెషర్ కుక్కర్ తప్పదు. బజారులో దొరికే అయిదారు వారాల బ్రాయిలర్ కోడికి అలవాటుపడిన నోటికి ఈ మాంసం మొదట గట్టిగా తోస్తుంది, దానికి కారణం పక్షి వయసు, తిరుగుడు. సొంతంగా పెంచిన కోళ్లను ఇంటి వాడకం కోసం ఇంట్లోనే కోసుకోవడానికి ఇక్కడి చట్టం అనుమతిస్తుంది. అమ్మడానికి మాత్రం కుదరదు. కోయడానికి మనసొప్పని కుటుంబం పొదిగింపు జోలికి పోకుండా, ఎదిగిన పెట్టలనే కొనుక్కోవడం మంచిది. అప్పుడు మరాన్ అయినా ఫావెరోల్ అయినా ఇష్టాన్ని బట్టి తెచ్చుకోవచ్చు.

కోళ్లను పెట్టుకున్నవారు, అవి రెండే అయినా, ఊరి పురపాలక కార్యాలయంలో నమోదు చేయించాలి. పక్షి జ్వరం ముప్పు పెరిగిందని ప్రభుత్వం ప్రకటించిన నెలల్లో కోళ్లను లోపల ఉంచాలి, లేదా ఆవరణ మీద వల కప్పాలి. చాలా శీతాకాలాల్లో ఈ ఆంక్ష వస్తూనే ఉంది కనుక దీనిని జాతి ఎంపికలో భాగంగానే చూడాలి. నెలల తరబడి ఇరుకు ఆవరణలో ఫావెరోల్ ప్రశాంతంగా ఉంటుంది, మరాన్ సర్దుకుంటుంది, బ్రెస్-గోలువాజ్ ఒకదాని ఈకలు ఒకటి పీక్కోవడం మొదలుపెడుతుంది.

పుంజు కూత మరొక సంగతి. మరాన్ ఉన్న జిల్లాలోనే ఉన్న ఒలెరోన్ దీవిలో మోరీస్ అనే పుంజు కూత మీద పొరుగువారు వేసిన దావాలో 2019లో న్యాయస్థానం పుంజు పక్షాన తీర్పు ఇచ్చింది. 2021లో పల్లెల శబ్దాలను, వాసనలను వారసత్వంగా గుర్తిస్తూ చట్టం కూడా వచ్చింది. అయినా అది పల్లెలకు వచ్చిన రక్షణ. వరుస ఇళ్ల కాలనీలో ఉన్నవారు పుంజును ఉంచుకునే ముందు రెండు పక్కల ఇళ్లవారితో మాట్లాడటం మంచిది. గుడ్ల కోసం పుంజు అవసరమే లేదు, పిల్లలు కావలసినప్పుడు పొదిగే గుడ్లను తెచ్చుకుని పొదుగుకు వచ్చిన పెట్ట కింద పెట్టుకోవచ్చు.

కొనడం దగ్గర చివరి జాగ్రత్త. మా మొదటి పెట్టలను ఒక వారపు సంతలో, ఫావెరోల్ అని రాసిన గంపలోంచి కొన్నాము. గడ్డం ఉంది, రంగు కుదిరింది, సంతోషంగా ఇంటికి తెచ్చాము. వారం తరువాత కాళ్లు కడుగుతూ చూస్తే రెండింటిలో ఒకదానికి వేళ్లు నాలుగే. అది చెడ్డ పెట్ట కాదు, గుడ్లు బాగానే పెట్టింది, కానీ దాని పిల్లల్లో ఏ రెండూ ఒకలా పెరగలేదు, మాంసానికి ఎప్పుడు కోయాలో అంచనా కుదరలేదు. జర్మనీలోను, ఇంగ్లండులోను తీర్చిన ఫావెరోల్ వంశాలు ఫ్రెంచి వంశానికి రూపంలో కొంత భిన్నంగా ఉంటాయి కనుక అమ్మేవారిని అది కూడా అడగాలి. జాతి సంఘాల్లో ఉన్న పెంపకందారులు శీతాకాలం చివర నుంచి పొదిగిస్తారు. క్రిస్మస్ లోపే మాట చెప్పి ఉంచుకుంటే ఏప్రిల్ నాటికి పిల్లలు చేతికి వస్తాయి. తెచ్చుకునే రోజున ప్రతి పిల్లను వెల్లకిలా అరచేతిలో పట్టుకుని, రెండు కాళ్ల వేళ్లూ లెక్కపెట్టుకున్న తరువాతే డబ్బు ఇవ్వండి.